కల్లు మొగులప్ప కల్లు అమ్మలేదు

నారాయణఖేడ్,
బుధవారం.

డివిజన్ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ‘ఖేడ్ చరిత్ర వికాస సమితి’ వారు మా తాత మొగులప్పను కల్లు వ్యాపారిగా ప్రకటించి, ఆ మాటను రాతి ఫలకం మీద చెక్కించి, వచ్చే ఆదివారం అధికారి గారైన తమ చేతుల మీదుగా ఆవిష్కరింపజేయ తలపెట్టుటపై అభ్యంతరం.

తమతో మనవి చేసుకొనునది ఏమనగా, నేను ఈ పట్టణంలో ముప్పై అయిదేళ్లుగా రాతిపని చేసుకొని బతుకుతున్నాను. శంకుస్థాపన రాళ్లు, సమాధి రాళ్లు, ఇంటిపేరు పలకలు చెక్కుతాను. ఇంతవరకు ఏ ఆఫీసు గడపా తొక్కినవాణ్ని కాను. సమితి వారు తొక్కించారు.

1. నాగల్‌గిద్ద రోడ్డు పక్కనున్న మెట్ల బావికి రాళ్లు కొట్టి మెట్లు పేర్చినవాడు మా అమ్మ తండ్రి మొగులప్ప. కన్నడ సీమ నుంచి ఉలి, సుత్తె పట్టుకొని వచ్చాడు. ఆయన భాషలో కల్లు అంటే రాయి. వచ్చిన మొదటి రోజు “కల్లు ఎల్లిదె?” అని, అంటే రాయి ఎక్కడుంది అని అడిగాడు. జనం ఆయన్ని ఈత చెట్ల కిందికి తీసుకుపోయి ముంత చేతిలో పెట్టారు. అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. ఆనాటి నుంచి ఆయన కల్లు మొగులప్ప అయ్యాడు.

2. సదరు సమితి వారు నెలకొకసారి ‘చరిత్ర నడక’ అనే కార్యక్రమం పెట్టి, జనాన్ని ఆ బావి దగ్గరికి తీసుకుపోయి, “ఇక్కడే కల్లు మొగులప్ప దుకాణం ఉండేది” అని మైకులో చెప్పుచున్నారు. వారు చూపించే చోట మా తాత ఉలులు కాల్చి సాగగొట్టుకున్న కొలిమి ఉండేది. గోడకు మసి ఇంకా ఉంది. ఆ మసి చూపించి కల్లు కాచిన ఆనవాళ్లు అన్నారు. అయ్యా, కల్లు ఎవరైనా కాస్తారా? కల్లుకూ సారాకూ తేడా తెలియని వాళ్లు మా ఊరి చరిత్ర రాస్తున్నారు.

3. బడి పిల్లలకు క్విజ్ పోటీ పెట్టి, ‘మొగులప్ప చేసిన వృత్తి ఏది?’ అని అడిగారు. ఇచ్చిన నాలుగు జవాబులలో రాతిపని లేనే లేదు. ‘కల్లు అమ్మకం’ అన్న పిల్లకు టిఫిన్ డబ్బా బహుమతి ఇచ్చారు.

4. వార్షికోత్సవం నాడు మా అమ్మ లీలమ్మను కారులో తీసుకుపోయారు. ఎనభై ఏళ్ల మనిషి, సన్మానం అంటే కొత్త చీర కట్టుకొని పోయింది. శాలువా కప్పిన తరువాత ఆమె ఎదుటే నాటిక వేశారు. మా తాత వేషం కట్టినవాడు నెత్తిన కుండ పెట్టుకొని, తూలుతూ వచ్చి రెండుసార్లు పడ్డాడు. జనం చప్పట్లు కొట్టారు. అమ్మ శాలువా మడిచి కుర్చీలో పెట్టి బయటికి వచ్చేసింది. “మా నాయిన రాళ్ల దుమ్ముకు దగ్గి దగ్గి సచ్చిండురా. తాగి పడలే” అని తోవ పొడుగునా అదే మాట. ఇప్పుడు వాడలో పిల్లలు ఆమెను ‘కల్లవ్వ’ అని పిలుస్తున్నారు. మూడు నెలలుగా ఆమె గడప దాటడం లేదు.

5. కల్లు గీయడం తక్కువ పని అని నేను అనడం లేదు. గీసేవాళ్లు మా పక్కింటివాళ్లే. మా పక్కింటి గోవర్ధన్ నాకంటే ఎక్కువ మండిపడ్డాడు. “మా తాత ఎక్కిన చెట్లు నేను లెక్కవెట్టి చెప్త. మీ తాత ఒక్క చెట్టు ఎక్కలే. ఆయన్ని మా లెక్కల కలుపుడేంది?” అన్నాడు.

6. సమితి కార్యదర్శి శివశంకర్ దగ్గరికి నేనే పోయాను. “తెలుగుల కల్లంటే ఏందో చిన్న పోరడు సుత చెప్తడు. నీ కన్నడం ముచ్చట మాకెందుకు? కాగితం ఉంటే పట్కరా” అన్నాడు. బావి ఉంది గదా సార్, ఆయన కొట్టిన రాయి ఉంది గదా అన్నాను. “రాయి కాగితం కాదు” అన్నాడు. చరిత్ర సమితికి కార్యదర్శి ఆయన! నాకు ఒళ్లు మండిపోయింది.

7. ఇక అన్నిటికంటే పెద్ద సంగతి. ఆ ఫలకం చెక్కమని నాకే ఇచ్చారు. ఈ పట్టణంలో చేత్తో అక్షరం చెక్కేవాణ్ని నేనొక్కణ్నే మిగిలాను గాన వారికి వేరే గతి లేదు. అచ్చు వేసి ఇచ్చిన వాక్యం ఇది: ‘ఈ బావి గట్టున కల్లు వ్యాపారి మొగులప్ప దుకాణము నడిపెను.’ మూడు రోజులుగా ఆ రాయి నా ముందర ఉంది. నాకు ఉలి పట్టడం నేర్పినవాడు మొగులప్పే. ఆ ఉలితోనే ఆ మాట చెక్కమంటున్నారు.

కావున తమరు దయతో విచారించి, సదరు వాక్యమును రద్దు చేయించి, బావి కట్టినవాని పేరు బావి దగ్గర ఉండునట్లు ఉత్తర్వు ఇప్పించ ప్రార్థన. విచారణకు కమిటీ వేయవద్దు. వేస్తే అందులో శివశంకరే కూర్చుంటాడు.

చిత్తగించవలెను అని రాసి ముగించాలట. చిత్తగించి ఊరుకోవద్దని నా మనవి.

ఆదివారం దాకా తమ విధేయుడు,
వీరేశ్, రాతిపని.

తా.క.: పై అర్జీ పొద్దున రాశాను. కవరులో పెట్టేముందు అమ్మకు చదివి వినిపించాను. అంతా విని, “ఆయన ఉత్తర్వు ఇయ్యకపోతే నువ్వేం చెక్కుతవురా?” అని అడిగింది. లేచిపోయి రాయి ముందు కూర్చున్నాను. సాయంత్రానికి పని అయిపోయింది. సమితి వారి వాక్యం దాని మీద లేదు. ‘ఈ బావి రాళ్లు కొట్టినవాడు మొగులప్ప’ అని ఉంది. కింద ఆవిష్కర్తగా తమ పేరు, హోదా ఉన్నాయి. అందులో తప్పులు లేవు.

అమ్మకు చదువు రాదు. “మా నాయిన పేరు యాడున్నది?” అంటే వేలు పట్టుకొని అక్షరాల గాడిలో పెట్టాను. చాలాసేపు తీయలేదు. ఆదివారం ఆమె వస్తానంటోంది, ముందు వరుసలో కూర్చుంటుంది. తెర తీసిన తరువాత తమ పక్కన నిలబడ్డవాళ్లు చాలా కోప్పడతారు. ఆ రాయి పీకమంటారు. అమ్మ చూస్తుండగా దాని మీద ఎవరైనా చెయ్యి వేస్తే, ఈసారి నేను అర్జీ రాయను.