రేకుల కింద పరీక్షించిన డ్రమ్ము

తాండూరు, మంగళవారం.

అక్కకు వందనములు. ఫోనులో నా మాట నీకు సరిగా వినబడదు గనుక కార్డు రాస్తున్నాను.

పాత డ్రమ్ము మోతలో పాట మాటలు తెలియడం లేదని నీవు మందిరం మాని ఆరు ఆదివారాలైంది. కొత్త స్నేర్ డ్రమ్ము కొనడానికి, దానిని వాయించే వెంకటేశంతో ఇక్కడికి వచ్చాను. దుకాణంలో మూడు చూశాము. అయితే దుకాణంలాంటి రాతి గదిలో మోత వేరు, మన మందిరం రేకుల కింద వేరు. అందుచేత, పక్కనున్న నాపరాళ్ల పాలిషింగ్ రేకుల షెడ్డులో భోజనానికి యంత్రాలు ఆపినప్పుడు మూడింటినీ అక్కడికి మోయించాను. వెంకటేశాన్ని దూరంగా, గోడవైపు తిరిగి కూర్చోమన్నాను. దుకాణదారు ఒక్కొక్కటే వాయిస్తుంటే నేను కీర్తన పాడాను.

పెద్ద కంపెనీ డ్రమ్ము మోగగానే, "డ్రమ్మొక్కటే ఇనబడ్తున్నదన్నా! నువ్వు పాడుతున్నవా, ఊకున్నవా?" అని వెంకటేశం అరిచాడు. మూడవదానికి మాత్రం చరణమంతా తిరిగి అప్పజెప్పాడు. తీరా వెనక్కి తిరిగి చూస్తే దానిపై ఏ కంపెనీ పేరూ లేదు.

"గిదా? వికారాబాద్ మందిరమోళ్లు నవ్వుతరన్నా!"

"నవ్వనియ్యి. మా అక్కకు పాట ఇనబడితే సాలు."

అదే తీసుకున్నాము.

కందులు ఎండినవా? బోరు మోటారు బాగుపడినదా? చెవి చుక్కలు తప్పక వేసుకో.

ఆదివారం వచ్చి ఎప్పటిలా చివరి వరుసలోనే కూర్చో, ముందుకు రానక్కరలేదు. మాట వినబడకపోతే చెయ్యెత్తు. వెంటనే కర్రలు కింద పెడతానని వెంకటేశం మాట ఇచ్చాడు.

ప్రభువు కృప నీ ఇంట నిలుచును గాక.

తమ్ముడు,
ఏసుదాసు