ఆవేశాలు తిరగబడిన లోకం

నస్రుల్లాబాద్

ఫిజిక్స్ లెక్చరర్ హరనాథబాబు సారుకు, వరి రైతు భీంరావు నమస్కారాలు.

పత్రికలో మీ వ్యాసం చదివాను. వేరే విశ్వంలో నియమం తిరగబడి, సజాతి ఆవేశాలు ఒకదాన్నొకటి లాక్కుంటాయని రాశారు. నేనూ నా భార్య వందనా సజాతే సార్, మేనత్త కూతురు. ఆవేశమూ ఒకే రకం. ఫ్యాను ఆపే దగ్గర కొట్లాట మొదలై, "నీ మొకం సూడ" అని మద్నూర్‌లో పుట్టింటికి పోయింది. ఆ లోకానికి దారి చెప్పండి.

ఇట్లు, భీంరావు

తా.క.: బాన్సువాడ నుంచి బస్సుందా?

బాన్సువాడ

భీంరావు గారికి,

ఆవేశమంటే ఇక్కడ కోపం కాదండి, విద్యుత్తుకు సంబంధించింది. ఆ లోకం వట్టి ఊహ. అక్కడ ఎలక్ట్రాన్లన్నీ ఒక గుంపు, ప్రోటాన్లన్నీ ఒక గుంపు. ఒక గుంపు రెండోదాన్ని దూరంగా నెట్టేస్తుంది. పరమాణువే ఏర్పడదు. నీళ్లుండవు, వరీ ఉండదు.

భవదీయుడు, హరనాథబాబు

తా.క.: బస్సు లేదు.

నస్రుల్లాబాద్

సారూ,

అది మా ఇల్లే! ఎలక్ట్రాన్లన్నీ మద్నూర్‌లో మా బావమరుదుల ఇంట్లో ఉన్నాయి. ఇక్కడ ప్రోటాన్‌ను నేనొక్కణ్ణే. దగ్గరికి తెచ్చే ఉపాయమే లేదా?

మీ భీంరావు

తా.క.: కోపం కాదంటారు. మీరు వందనను చూడలేదు.

బాన్సువాడ

భీంరావు గారికి,

ఒకటుంది. ఆవేశం లేనిదాన్ని తటస్థం అంటాం. తల దువ్విన దువ్వెన కాగితం ముక్కల్ని లాక్కుంటుంది కదా? ఆవేశమున్నది తటస్థంగా ఉన్నదాన్ని ఏ లోకంలోనైనా లాక్కుంటుంది.

హరనాథబాబు

తా.క.: ఇదీ విద్యుత్తు గురించే.

నస్రుల్లాబాద్

సారూ,

గెలిచాం! మద్నూర్ పోయి తటస్థంగా కూర్చున్నాను. వందన తిట్టింది. నేను పలకలేదు. చివరికి, "ఏంది, సప్పుడు జేస్తలేవ్? పాణం మంచిగ లేదా?" అని నుదురు పట్టి చూసింది. నా వెంటే వచ్చేసింది. మీరు పుట్టు తటస్థులు. మేడం గారిది అదృష్టం.

మీ భీంరావు

తా.క.: బస్సులోనే మళ్లీ కొట్లాట. హాయిగా ఉంది.

బాన్సువాడ

భీంరావు గారికి,

ఒక మాట రాయలేదు. రెండూ తటస్థమైతే ఏ లోకంలోనూ ఒకదాన్నొకటి లాక్కోవు. నేనూ నా భార్య రాధాకుమారీ ఎన్నడూ గొంతు పెంచలేదు. ఆమె ఉండేది పక్క గదిలోనే. నాకు చాలా ఒంటరిగా ఉందండి. మీ ఉత్తరం వచ్చిన రోజే ఈ ఇంట్లో ఎవరో మాట్లాడినట్టుంటుంది. నిన్న పప్పు మాడింది. ఆ మాటే అందామని నోరు తెరిచి, "బాగుంది" అన్నాను. ఆమె "థాంక్స్" అంది.

హరనాథబాబు

తా.క.: ఆదివారం మీరిద్దరూ వచ్చి మా ఇంట్లో కాసేపు పోట్లాడుకోండి. ఎలా మొదలుపెట్టాలో మాకు తెలియడం లేదు.

మరో తా.క.: భీంరావు గారూ, కవరు అంటించి పోస్టు డబ్బాలో వేయమని మా ఆయన దీన్ని నాకే ఇచ్చారు. మాడిన పప్పు బాగుందని నాతో అని, మాడిందని మీకు రాస్తారా! ఆదివారం దాకా ఆగేది లేదు. ఇప్పుడే ఆయన గదిలోకి వెళ్తున్నాను, ఆవేశంగానే. రాధాకుమారి