రాగుల డబ్బా గంట

శనివారం, హిందూపురం

ఆయన మోకాలి నొప్పి తగ్గింది. కోడలికి జ్వరం పోయింది. నాకెప్పుడూ ఉండే గ్యాసే. చంటి మనవరాలికే చెవులు వినిపిస్తున్నాయో లేదో తెలియడం లేదు.

చప్పట్లు కొడితే నా చేతులు చూసి తిరుగుతోంది. అందుకే ఈరోజు తక్కెడలాంటి బొమ్మ చేశాను. కర్రకు ఒకవైపు చిల్లుడబ్బాలో రాగులు, ఇంకోవైపు గొర్రె గంట. రాగులు కారిపోయి డబ్బా తేలికయ్యాక గంట పళ్ళెంలో పడుతుంది. దాన్ని పిల్ల వెనక పెట్టి, ఎదుట ఊరికే కూర్చున్నాను.

ఖంగుమంది. పిల్ల తిరిగింది.

"చూస్తివా అత్తా, ఇంటాంది!" కోడలు ఏడ్చేసింది.

"గంట పడకముందే నువ్వు ఆడికి చూస్తివి కదే. నీ కళ్లెంబడి తిరిగింది" అన్నారు ఆయన నాతో.

మళ్లీ రాగులు పోసి, కళ్లు గట్టిగా మూసుకున్నాను. గంట పడింది. కళ్లు తెరిచేసరికి పిల్ల నా ముఖంలోకే చూస్తోంది.

సోమవారం పొద్దున్నే పుట్టపర్తి ఆసుపత్రికి పోతున్నాం.