మోటారు సంగతి చివరి పేజీలో

శామ్యూల్,

ప్రమాదాన్ని నువ్వు దండాల కింద పాతిపెట్టావు. ట్రైనింగుకు పోయిన పంప్‌హౌస్‌లో మోటారు ముట్టుకుంటే షాక్ కొడుతోందని తొలి ట్రైనింగు రిపోర్టులోనే రాశావు. కానీ ఎక్కడ? ప్రిన్సిపాల్‌కు, హెచ్‌ఓడీకి, పంప్‌హౌస్ మేనేజరుకు కృతజ్ఞతలు, ఆపైన కాలేజీ చరిత్ర, అన్నీ అయ్యాక చిట్టచివరి పేజీలో. అంత దూరం ఎవడు చదువుతాడు? నీ గైడు అట్ట చూసి సంతకం పెట్టాడు. ఆ వారమే ఆ మోటారు దగ్గర నువ్వు చనిపోయావు.

ఆ వరస నీకు నేర్పింది కాలేజీయే. ఏడాది తిరిగింది. ఈరోజు డిపార్ట్‌మెంట్‌లో రిపోర్టు రాసే నియమాలు మళ్లీ పంచారు. మార్జిన్ ఎంత, అట్ట రంగేది, అదే వరస. నీ సర్టిఫికెట్ల కోసం బూర్గంపాడు నుంచి వచ్చిన మీ అమ్మ తలుపు దగ్గరే నిలబడి అడిగింది.

"నా కొడుకు రాసిండు గద సార్. మరి మీరేం చదివిన్రు?"

"ఫార్మాట్ గట్లనే ఉంటదమ్మా," అన్నాడు హెచ్‌ఓడీ.

రేపు నీ జూనియర్లు అదే పంప్‌హౌస్‌కు పోతున్నారు. మోటారుకు ఎర్త్ వైరు ఇంకా వేయలేదు. నీ క్లాస్‌మేట్‌గా నా డిమాండ్లు రాసి హెచ్‌ఓడీ టేబుల్ మీద పెట్టి వచ్చాను.

ప్రమాదం మొదటి పేజీలో, మొదటి వాక్యంలో ఉండాలి.
కృతజ్ఞతలు చివరికి పోవాలి.
గైడు పూర్తిగా చదివాకే సంతకం పెట్టాలి.
ఎర్త్ వైరు వేసేదాకా ఒక్క విద్యార్థినీ అక్కడికి పంపకూడదు.