షేర్ తీసేసిన వారం

జూన్ 2, సోమవారం

రీసెర్చ్ కంపెనీతో కాంట్రాక్టు ఈ శుక్రవారంతో సరి. మా హాస్పిటల్ డేటా వేర్‌హౌస్ నుంచి వాళ్ల అకౌంట్‌కి ఇచ్చిన షేర్, అంటే చూసే అనుమతి, నేనే తీసేయాలి. పసిపిల్లల ఐసీయూ మానిటర్ రీడింగులు అవి. పేర్లుండవు. కాపీ వెళ్లదు, మా దగ్గరున్నదే వాళ్లు చూస్తారు. తీసేస్తే ఇక ఏమీ కనబడదు. చిటికెలో పని.

జూన్ 3

చిటికెలో కాలేదు. ముగింపు కోసం వాళ్లు పంపిన వాడకం లాగ్ చూస్తే, అవతలి ఇంజనీరు ఒకే పాప రీడింగులు రోజూ పొద్దున్నే తెరుస్తున్నాడు. ఒళ్లు మండింది. ఫోన్ చేసి, ఎవరి పిల్ల వివరాలండీ ఇలా తవ్వుతున్నారు అని కడిగేశాను. మా పాపేనండీ అన్నాడు. పుట్టిన తేదీ, బెడ్డు నంబరు తెలుసు కాబట్టి గుర్తుపట్టాడట. పోయినేడు పుట్టింది. ఇంటికి రాలేదు.

సారీ కూడా చెప్పకుండా పెట్టేశాను.

జూన్ 4

మేనేజర్‌కి చెప్పక తప్పలేదు. పేర్లు తీసేసిన డేటాలో మనిషిని వెతకడం తప్పే, శుక్రవారం దాకా ఆగొద్దు, ఇప్పుడే తీసెయ్ అంది. షేర్ తీసేశాను. ఒక్క లైను కమాండ్.

మధ్యాహ్నం అతనే ఫోన్ చేశాడు. గొడవపడతాడనుకున్నా. మా ఆవిడ పాపను గుండెల మీద పెట్టుకున్న గంటే చూసేవాణ్నండీ, అప్పుడు మాత్రం దాని గుండె నెమ్మదించేది, అన్నాడు. ఆమెకు చెప్పారా అంటే, పాప మాటెత్తితే లేచి వెళ్లిపోతుందన్నాడు. తను ఎత్తుకోవడం వల్లే ఇన్ఫెక్షన్ వచ్చి పాప పోయిందని ఆమె నమ్మకమట. డాక్టర్లు కాదన్నా వినలేదట.

తల్లిదండ్రులుగా ఆ రీడింగులు రికార్డ్స్ సెక్షన్‌లో అడగొచ్చని చెప్పాను. ఇద్దరి సంతకాలూ కావాలి.

జూన్ 6

అన్నం వదిలేసి లేచాను. నీ పిల్లా కాదు, నా పిల్లా కాదు, నీకెందుకే ఇంత, అంటుంది అక్క.

జూన్ 17

గ్రాఫ్ చదివి చెప్పమని రికార్డ్స్ నుంచి పిలిచారు. భార్యాభర్తలిద్దరూ సంతకాలు పెట్టి వచ్చారు. మధ్యలో ఒక కుర్చీ వదిలి కూర్చున్నారు. ఆమె బ్యాగు ఒళ్లో పెట్టుకుని, ఏ క్షణాన్నయినా లేచిపోయేలా ఉంది. ఇక్కడ గీత దిగింది చూడండి అన్నాను. ఉలిక్కిపడి, నేను చేసిందేనా అంది.

మీరు చేసిందేనండీ, అన్నాను. మీరు ఎత్తుకోగానే గుండె దడ తగ్గేది. దించగానే మళ్లీ పెరిగేది. రోజూ అంతే. చివరి రోజూ అంతే.

ఏడుస్తుందనుకున్నా. ఏడవలేదు. భర్త వైపు తిరిగి, ఇది మీకెప్పట్నుంచి తెలుసు అంది.

అతను తల దించుకున్నాడు. నీ ముందు దాని పేరెత్తడానికి నాకు ధైర్యం చాల్లేదే, అన్నాడు. ఆమె ఒక్కతే లేచి వెళ్లిపోయింది, గ్రాఫ్ మాత్రం తీసుకుని.

జూన్ 20

ఆమె మళ్లీ వచ్చింది. గ్రాఫ్‌లో పాపను దించిన చోట వేలు పెట్టి, ఇంకాసేపు ఎత్తుకుని ఉంటేనో, అని అడిగింది.

ఆమె వేలు తీసేదాకా పక్కనే నిల్చున్నాను.