నల్లాకు వేసిన తాళం

మంథని

ఐలవ్వక్కకు నీ తోడికోడలు రాసేది. ప్రభువు పేరున వందనాలు, నా పేరున కాదు. ఎదురుపడితే నా నోరు ఊకోదు కనుక రాసి, నువ్వు మా గేటు ముందు పెట్టిపోయిన ఖాళీ బిందెలో వేసి మీ గడపకాడికి పంపిస్తున్న.

నేను బాప్తిస్మం తీసుకున్ననాడు "మా బాయికాడికి రాకు, నీ యేసయ్యనే నీళ్లు పొయ్యమను" అన్నవు. పసిపిల్లను చంకనేసుకొని నీళ్లకు గోదారి దాకా నడిచిన. అది మరువలే, మరువను. ఇప్పుడు నీ బాయి ఎండింది. మొన్న నువ్వు బిందెతో వస్తే నల్లాకు తాళం వేసి, కిటికీలోంచి చూసి నవ్విన. ఎంత సంతోషమో! అన్నం ఉడికేలోపల ఆవిరైపోయింది.

ప్రార్థనలో కూర్చుంటే నాకు ఒక ఆనందం ఉండేది. నా మొగడు పోయిననాడు కూడా అది నన్ను విడువలే. మొన్నటి నుంచి ఎంత మోకరించినా వస్తలేదు. ఇక రాదేమోనని ఒకటే భయం. ఈ ముసలితనంలో నాకున్నదే అది. నీ మీద పగకు దాన్ని ఇయ్యను.

అందుకే తాళం తీసిన. పొద్దున వచ్చి పట్టుకపో. దండం గిండం పెట్టకు, నా కోపం ఇంకా పోలే. నల్లా కాడ పాకురుంది, మెల్లగ నడువు. నువ్వు జారిపడితే మళ్ల నాకు సంతోషమైతది. అది నాకొద్దు.