ఇంటావిడ అనగా భార్య కాదని మనవి

గృహవసతి శాఖ అధికారి గారి సముఖమునకు,
తాళాలు బాగుచేసుకొని బతుకు వ్యక్తి రెండవసారి వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: పాత గిడ్డంగుల స్థలంలో తక్కువ అద్దె ఇళ్ళు తక్షణమే కట్టించుట, తద్వారా మా మాజీ ఇంటి యజమానురాలి వాటాలు ఖాళీగా పడి ఉండునట్లు చేయుట గురించి.

సూచిక: (1) నా మొదటి అర్జీ, తమ కార్యాలయం వారు తప్పుగా అర్థం చేసుకున్నది. (2) సదరు స్థలం విషయమై అభ్యంతరాలు, సూచనలు కోరుతూ తమరు గోడకు అంటించిన నోటీసు.

పై విషయమై తమరికి మనవి చేసుకొనునది ఏమనగా, నా మొదటి అర్జీ వలన నాకు కలిగిన నష్టములు, వాటికి నేను కోరు ప్రతీకారము, క్షమించాలి, పరిష్కారము ఈ దిగువ పొందుపరచడమైనది.

1. నేనూ, నా భార్యా, మా అత్తగారూ సదరు యజమానురాలి మేడలో కింది వాటాలో చాలాకాలంగా అద్దెకు ఉంటిమి. అద్దె ఏనాడూ ఆలస్యం చేసినవారము కాము. స్నానాల గదిలో గచ్చు పాచిపట్టి జారుతున్నదని నా భార్య ఎన్నోసార్లు మొరపెట్టుకొన్నది. "చూసుకుని నడవాలమ్మా, గచ్చేం చేస్తుంది?" అని యజమానురాలు సెలవిచ్చినది. చివరకు ఆ గచ్చు మీదే అత్తగారు జారిపడి తుంటి విరిగి మంచాన పడ్డారు. యజమానురాలు పరామర్శకు వచ్చి, గుమ్మం దాటకుండానే నిలబడి అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. "ఇది ఇల్లు, ఆస్పత్రి కాదు. ఈవిడకి ఏదైనా జరిగిందనుకో, రేపు ఈ వాటాలోకి ఎవరొస్తారు? ఆ జరిగేదేదో జరిగేలోపే ఖాళీ చెయ్యండి." అత్తగారు మంచం మీద మెలకువగానే ఉన్నారు. అంతా విన్నారు. మరునాటి నుంచి మాకు కుళాయి నీళ్ళు రాలేదు.

2. అప్పుడు నేను తమ కార్యాలయానికి మొదటి అర్జీ పెట్టుకొంటిని. అందులో "మా ఇంటావిడ నీళ్ళు ఆపినది, పొద్దున లేస్తే ఇంట్లోంచి పొమ్మంటున్నది, ముసలావిడ మంచాన ఉన్నదన్న కనికరం కూడా లేదు, కావున తమరు కలుగజేసుకోవలెను" అని రాసితిని. అయ్యా, ఇంటావిడ అంటే ఇల్లు గల ఆవిడ. అద్దెకుండే వాళ్ళందరం అలాగే అంటాం. తమ కార్యాలయంలో సొంత ఇల్లు ఉన్న గుమాస్తా ఎవరో అది చదివి, ఇంటావిడ అంటే పెళ్ళాం అని తేల్చేసి, "కుటుంబ కలహము, మా పరిధిలోనిది కాదు" అని ఎర్ర సిరాతో రాసి, భార్యాభర్తల తగాదాలు తీర్చే కేంద్రానికి పంపినారు. వారు నా భార్యకు సమన్లు పంపినారు.

ఆ కాగితం చదువుకుని నా భార్య నా వంక చూసిన చూపు గురించి ఇక్కడ రాయను. అది నిజంగానే కుటుంబ విషయం. "వీధి చివర నుంచి బిందెలు మోసి నడుం పడిపోయింది. నేను నీళ్ళు ఆపానా?" అని మాత్రం అడిగినది.

3. హాజరు కాకున్న తదుపరి చర్య తీసుకొనబడును అని ఉన్నందున, నేను దుకాణం మూసి, ఆమె కుట్టుమిషను ఆపి, ఇద్దరం వెళ్ళాము. అత్తగారికి జ్వరం తిరగబెట్టి అప్పటికే ఆస్పత్రిలో చేర్చి ఉన్నాము. కేంద్రంలో సలహాలు చెప్పే మేడమ్ నా భార్యను నిలబెట్టి అడిగినారు.

"ఏమ్మా, ముసలావిడని బయటికి పొమ్మన్నావట. అత్తంటే అంత లోకువా?"

"ఆవిడ మా అమ్మండీ."

"అయ్యో! కన్నతల్లినే గెంటేస్తావా?"

"గెంటడానికి ఆ ఇల్లు నాదైతే కదండీ!"

వారికి సంగతి అర్థమయ్యేసరికి టీలు వచ్చే వేళయింది. అయినా ఫైలు తెరిచాక ఏదో ఒకటి రాసి మూయాలట. "ఇకమీదట ఇద్దరూ సర్దుకుపోతాం" అని రాయించి, మా ఇద్దరి చేతా సంతకాలు పెట్టించుకొని పంపినారు. ఇకపై నా భార్య నాకు నీళ్ళు ఆపదని ప్రభుత్వం వారు హామీ తీసుకున్నందుకు కృతజ్ఞుణ్ణి.

మేము తిరిగి వచ్చేసరికి మా వాటాకు కొత్త తాళం వేసి ఉన్నది. ఇంట్లో ఎవ్వరూ లేని పూట కోసమే ఆమె కాచుకొని ఉన్నది. ఆ పూటను ఆమెకు కల్పించినది తమ కార్యాలయమే అని ఇందుమూలముగా తెలియజేయడమైనది.

అయ్యా, ఆ తాళం నా దుకాణంలో కొన్నదే. "మన ఇంటికే కదయ్యా, కాస్త తగ్గించి ఇవ్వు" అని బేరమాడి మరీ కొన్నది. ఇత్తడిది, మంచి సరుకు. నేనే నూనె వేసి, రెండుసార్లు తిప్పి చూపించి, కాగితంలో చుట్టి ఇచ్చాను. దాన్ని తీయడం నాకు నీళ్ళు తాగినంత తేలిక. జేబులో చేయి పెట్టాను కూడా. ఆమె పిలిపించిన కానిస్టేబులు నా చేయి పట్టుకుని, "తాళాలవాడివి నువ్వే తీశావనుకో, కేసు నీ మీదే అవుతుంది. ఆలోచించుకో" అన్నాడు. పైన వసారాలో యజమానురాలు చేతులు కట్టుకొని నిలబడి, "తియ్యనివ్వండి సార్. తియ్యవయ్యా, చూస్తాను" అన్నది. లోపల నా భార్య మిషనున్నది, ఊళ్ళో వాళ్ళ పిల్లల స్కూలు బట్టలున్నవి, అత్తగారి మందులున్నవి. నేను తాళం తీయలేదు. ఎందుకు తీయలేదా అని ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటున్నాను. ఆ తర్వాత ఆమే మనుషుల్ని పెట్టి మా సామాను వీధిలో పడేయించినది. వానకు తడిసిన స్కూలు బట్టలన్నీ నా భార్య ఏడ్చుకుంటూ మళ్ళీ ఉతికి, ఇస్త్రీ చేసి, ఎవరివి వారికి అప్పజెప్పినది. మిషను ఇంకా బాగుపడలేదు.

4. ప్రస్తుతం నేను దుకాణంలో ముడుచుకొని పడుకుంటున్నాను. కాళ్ళు చాపితే షట్టరు తగులుతుంది. నా భార్య ఆస్పత్రిలో తల్లి మంచం పక్కన నేల మీద పడుకుంటున్నది. ఇళ్ళ కోసం తిరగని సందు లేదు. మేము కట్టగలిగిన అద్దెకు చూపించేవన్నీ మెట్ల కింద గదులు. వాటిలో మంచం పట్టదు. మంచం పట్టేవాటికి నా సంపాదనా, నా భార్య సంపాదనా కలిపినా చాలదు. ఎక్కడైనా కాస్త కుదిరేటట్టు ఉన్నా, "ఎంతమంది ఉంటారు?" తర్వాత రెండో ప్రశ్న "పెద్దవాళ్ళున్నారా?" అనేదే. అత్తగారి సంగతి చెప్పగానే ఇంటివాళ్ళకు ఉన్నట్టుండి ఎవరో చుట్టాలు వచ్చేస్తున్నారని గుర్తొస్తుంది. ఒకాయన మాత్రం దాచకుండా చెప్పాడు. "ఏమీ అనుకోకండి, ఇంట్లో ఏదైనా జరిగితే మళ్ళీ అద్దెకి పోదండీ." మనుషులు ఉండటానికే కదా ఇళ్ళు కట్టుకున్నది, ఉన్నవాళ్ళకు ఏదో ఒకనాడు ఏదో ఒకటి జరక్క మానుతుందా అని అడగబోయి, ఊరుకొని వచ్చేశాను.

డాక్టరు గారు ఇక తమ చేతిలో ఏమీ లేదన్నారు. "ఇంటికి తీసుకెళ్ళి హాయిగా చూసుకోండి" అన్నారు. నా భార్య "ఏ ఇంటికండీ?" అని అడిగితే ఆయన మందుల చీటీ రాసుకుంటూ ఉండిపోయారు. ఈ వారం లోపల మంచం ఖాళీ చేయాలని నర్సమ్మ రోజూ గుర్తు చేస్తున్నది. ఎక్కడికి వెళ్ళినా మాకు చెప్పేది ఆ ఒక్క మాటే.

ఈ అత్తగారు జీవితమంతా ఒక లాడ్జిలో గదులు సర్దిన మనిషి. ఎవరెవరో వచ్చి పడుకునే పరుపుల మీద ముడత లేకుండా దుప్పటి పరిచినది. నాకు పని లేని రోజుల్లో ఆ జీతంతోనే మా ఇద్దరికీ ఇంత ముద్ద పెట్టినది. ఆమెకు ఒక గది చూపలేకపోతున్నానంటే నాకు తల ఎత్తుకోబుద్ధి కావడం లేదు.

5. కావున తమరు ఈ దిగువ విధానములను అమలుపరచవలెనని కోరుచున్నాను.

(అ) పాత గిడ్డంగుల స్థలం ప్రభుత్వానిదే. అది సదరు యజమానురాలి మేడకు సరిగ్గా వెనక ఉన్నది. అక్కడ ఎన్ని అంతస్తులు లేస్తే అన్ని లేపి, సంపాదనను బట్టి అద్దె నిర్ణయించి ఇవ్వాలి. గోడలు, స్తంభాల సంగతి తమ ఇంజినీర్లకు వదిలేస్తున్నాను. కిటికీలు మాత్రం ఆమె డాబా వైపే ఉండాలి. ఆమె బట్టలు ఆరేసుకోవడానికి వచ్చినప్పుడల్లా, ఆమెకు అద్దె కట్టనక్కర్లేని జనం కిటికీల్లో కూర్చుని నవ్వుకుంటూ కబుర్లు చెప్పుకోవాలి.

(ఆ) పెద్ద పెద్ద భవనాలు కట్టే వారికి ప్రభుత్వం రోడ్డు వేస్తున్నది, పన్ను తగ్గిస్తున్నది. బదులుగా ప్రతి భవనంలోనూ కొన్ని ఇళ్ళు తక్కువ అద్దెకు ఇప్పించాలి. అదే గేటు, అదే లిఫ్టు. ఆ భవనాల్లో తాళం చెడితే నన్ను చెత్త తీసుకెళ్ళే దారిన రమ్మంటారు. నేను ముందు గేటులోంచి వెళ్ళే రోజున ఆ గేటు వాచ్‌మన్ ముఖం చూడాలని ఉన్నది.

(ఇ) కొని, తాళం వేసి, ఏళ్ళ తరబడి అలాగే వదిలేసిన ఇళ్ళ మీద పన్ను వేయాలి. వాటి తాళాలు తుప్పు పడితే పిలిచేది నన్నే కాబట్టి అవి ఎన్నున్నాయో నాకు తెలుసు. పన్ను కాగితం చూడగానే గుండె గుభేలుమని, పరుగున వచ్చి అద్దెకు ఇచ్చేటంతటి పన్ను అయి ఉండాలి.

(ఈ) ముందు చెప్పకుండా, విచారణ లేకుండా ఎవ్వరినీ ఖాళీ చేయించరాదని చట్టం తేవాలి. జబ్బు కారణం కాదు, ముసలితనం కారణం కాదు, చావు అసలే కాదు. ఇంకొకరి సామాను మీద తాళం వేసినవారిని, వారి సొంత ఇంటికి అదే తాళం వేసి, దాని ఎదుట నిలబెట్టాలి. ఎంతసేపు నిలబెట్టాలో నేను చెబుతాను.

ఇవన్నీ ప్రజాహితం కోసం కోరుతున్నానని అబద్ధం చెప్పను. ప్రజాహితం దానంతటది జరిగిపోతే నాకేమీ అభ్యంతరం లేదు. ఊళ్ళో అందరికీ తాహతుకు తగ్గ ఇల్లు దొరికితే ఆమె వాటాలోకి ఎవరూ పోరు. నాకు కావలసింది అది. "ఇల్లు అద్దెకు ఇవ్వబడును" అన్న బోర్డు అక్షరాలు వెలిసిపోయేదాకా ఆమె గేటుకు వేలాడాలి. చివరకు ఎవడో ఒకడు దారి తప్పి వస్తే, ఆమె ఎదురెళ్ళి, "రండి, కూర్చోండి, మంచినీళ్ళు తాగుతారా?" అని అడగాలి. వాడు తాగి, ఆలోచించి చెబుతానని లేచిపోవాలి.

ఇంతవరకు చదివి నా భార్య, "నీకు ఇల్లు కావాలా, పగ కావాలా?" అని అడిగినది. రెండూ ఒకే స్థలంలో కట్టొచ్చు అని చెప్పాను.

6. గిడ్డంగుల స్థలంలో ఇళ్ళు వద్దంటూ సదరు యజమానురాలు తమకు అభ్యంతరం దాఖలు చేసినట్లు తెలిసినది. గాలి, వెలుతురు పోతాయనీ, "ఎలాంటివాళ్ళో వచ్చి చేరతారు" అనీ అందులో రాసినదట. ఎలాంటివాళ్ళో కాదండీ, మేమే. ఇన్నాళ్ళూ ఆమె కింది వాటాలో ఉండి, ఆమె పై అంతస్తుకు అద్దె డబ్బుతో సున్నం వేయించినవాళ్ళమే.

ఈ అర్జీని ఈసారి గుమాస్తాల చేతికి పోనీయక, తమరే స్వయంగా ఆసాంతం చదివి, మాటలకు నేను రాసిన అర్థములే తీసుకొని, చిత్తగించవలెను.

ఇట్లు,
వేరే దారి లేక తమ విధేయుడు,
తాళాల రిపేరు, బస్టాండు వెనక వీధి.
(ఇంటి చిరునామా అడుగు గడిని ఖాళీగా వదిలివేయడమైనది.)

తా.క.: ఈ అర్జీ ఆస్పత్రిలో అత్తగారికి చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని అంతా విని, "బానే ఉంది గానీ అబ్బాయ్, చివర్లో మరీ బతిమాలుకున్నట్టుంది. ఆ గోడ నోటీసులో ఏం రాశారో ఇంకోసారి చెప్పు" అన్నారు. అభ్యంతరాలు గలవారు విచారణ రోజున స్వయంగా హాజరు కావాలని ఉన్నదని చెప్పాను. "నాకుంది అభ్యంతరం. నన్ను తీసుకెళ్ళు" అన్నారు. నా భార్య వద్దని ఏడ్చింది. ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. తర్వాత నా భార్యే లేచి దుప్పటి మడతపెట్టింది.

కనుక విచారణ రోజైన సోమవారం అత్తగారిని ఆస్పత్రి నుంచి సరాసరి మీ ఆఫీసుకే తీసుకొస్తున్నాం. ఇంటికి తీసుకెళ్ళమన్నారు, మాకు తెలిసి ఇళ్ళన్నీ ఉన్నది మీ దగ్గరే. మడత మంచం మేమే తెచ్చుకుంటాం. దాన్ని యజమానురాలి కుర్చీ పక్కనే వేయాలని అత్తగారి కోరిక. మీరు ఫైలు మీద సంతకం పెట్టేదాకా అక్కణ్ణుంచి కదలనంటున్నారు. లిఫ్టు పనిచేస్తుందో లేదో కనుక్కుందామని నిన్న మీ ఆఫీసుకు వెళ్ళాను. మీ వాచ్‌మన్ సంగతంతా విని భయపడిపోయి, "ఇక్కడ ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిదయ్యా?" అని అడిగాడు. మీ పేరు చెప్పాను.